హెచ్చరించినా ఎందుకు పారిపోలేదు సార్? — పదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న

సోషల్ సార్, నర్సంపేట
నాజీల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్న నాలుగు ముక్కలతో సరిపెట్టబుద్ధి కాలేదు. ఎలీ వీజెల్ తన గురించి రాసుకున్న ‘నైట్’ కథ చెప్పాను. సిగెట్ అనే ఊరు, పదిహేనేళ్ల యూదు పిల్లవాడు, 1944లో తండ్రితోపాటు నాజీలు యూదుల్ని చంపిన ఆష్‌విట్జ్ క్యాంపు. రైలు దిగాక ఒక ఖైదీ వచ్చి ‘నీకు పద్దెనిమిది, మీ నాన్నకు నలభై అని చెప్పండి’ అంటాడు. అక్కడ వెనక బెంచీలు కూడా చెవులు రిక్కించాయి. పనికి రారనుకున్న పిల్లల్నీ ముసలివాళ్లనూ నేరుగా గ్యాస్ చాంబర్లకే పంపేవాళ్లు కదా.

ఒకమ్మాయి లేచింది. “ఆ ఊళ్లనే ఉండే మోషే అనే ఆయన చావు తప్పించుకుని వచ్చి, నాజీలు మనుషుల్ని కాల్చి చంపుతున్నరని ముందే చెప్పిండు కదా సార్. ఊరోళ్లు ఎందుకు పారిపోలేదు?” నేను చెప్పిన జవాబుకు ఆమె తృప్తిపడలేదు. మీరైతే ఏం చెప్తారు?

రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, హన్మకొండ
తేదీలు బోర్డు మీద రాయండి. సిగెట్ అప్పుడు హంగరీ కింద ఉంది. జర్మన్ సైన్యం హంగరీలోకి వచ్చింది 1944 మార్చి 19న. మే 15 నుంచి జూలై 9 లోపు దాదాపు 4,40,000 మంది యూదుల్ని రైళ్లెక్కించారు, ఎక్కువమందిని ఆష్‌విట్జ్‌కే. అంటే సైన్యం దిగిన రెండు నెలలకే! అప్పటిదాకా వాళ్ల లెక్క వేరు: రష్యా సైన్యం దగ్గరికొస్తోంది, ఇంకొన్నాళ్లు ఓపిక పడితే చాలు.

మోషే బీదవాడు. జాలి కోసం కథలు చెప్తున్నాడనుకున్నారు. అదే మాట ఊళ్లో డాక్టరో వకీలో చెప్పుంటే నమ్మేవాళ్లేమోనని నా అనుమానం. అన్నీ అమ్మేసి పాలస్తీనాకు పోదామని కొడుకు అడిగితే, ఈ వయసులో మళ్లీ మొదలుపెట్టలేనంటాడు తండ్రి. మన దగ్గర యాభై ఏళ్ల మనిషిని ఇల్లూ దుకాణం అమ్మి దేశం దాటమంటే ఏమంటాడు?

పరకాల పిలగాడు
1947 సెప్టెంబర్ 2న మా పరకాలలో జెండా ఎగరేయడానికి పోయినవాళ్ల మీద కాల్పులు జరిగాయి. బైరాన్‌పల్లిలో బురుజెక్కి రజాకార్లను ఎదిరించారు. మనోళ్లు కొట్లాడారు, వాళ్లెందుకు కొట్లాడలేదు?

రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, హన్మకొండ
కొట్లాడలేదని ఎవరన్నారు తమ్మీ? 1943 ఏప్రిల్‌లో పోలండ్‌లోని వార్సా గెట్టోలో, అంటే యూదుల్ని బంధించి ఉంచిన పేటలో, తిరగబడ్డారు. 1944 అక్టోబర్ 7న ఆష్‌విట్జ్‌లోనే, శవాలు కాల్చే పనిలో పెట్టిన ఖైదీలు ఒక క్రిమటోరియానికి నిప్పు పెట్టారు. ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలు మందుగుండు పొడి కొంచెం కొంచెంగా దొంగిలించి వాళ్లకు చేరవేశారు. ఈ పనిలో చేయి కలిపిన నలుగురు అమ్మాయిల్ని 1945 జనవరిలో ఉరి తీశారు. పైగా బైరాన్‌పల్లివాళ్లు సొంత ఊళ్లో, సొంత బురుజు మీద ఉన్నారు. క్యాంపులో ఆకలితో నిలబడలేనివాడితో పోలిస్తే ఎట్లా?

కాజీపేట నుంచి జర్మనీ
సార్, ఆష్‌విట్జ్ తర్వాత వీజెల్‌నూ తండ్రినీ తరలించిన బుఖెన్‌వాల్డ్ క్యాంపును నేను చూసొచ్చాను. వైమార్ నుంచి సిటీ బస్సే పోతుంది. గేటు మీది గడియారం 3:15 దగ్గర ఆపేసి ఉంటుంది. 1945 ఏప్రిల్ 11న క్యాంపు విడుదలైన టైమది. వీజెల్ తండ్రి జనవరి చివర్లో ఇక్కడే చనిపోయాడు. తర్వాత వీజెల్‌ను పిల్లలుండే 66వ బ్లాకులో పెట్టారు. ఖైదీల రహస్య సంఘం ఆ పిల్లల్ని కాచుకుంది. విడుదలయ్యే నాటికి క్యాంపులో 900 మందికి పైగా పిల్లలు, కుర్రాళ్లు బతికి ఉన్నారు. ఇది కూడా చెప్పండి, చావులే చెప్తే పిల్లలు వినడం మానేస్తారు.

సోషల్ సార్, నర్సంపేట
అందరికీ థాంక్స్. తేదీలు రాశాను, ఆ అమ్మాయి ఒప్పుకుంది. వెంటనే ఇంకోటి అడిగింది: “1945 జనవరిలో ఆష్‌విట్జ్ ఖాళీ చేయించేటప్పుడు, కాలికి ఆపరేషనై ఆస్పత్రిల ఉన్న వీజెల్ మంచులో నడుచుకుంట ఎందుకు పోయిండు? అక్కడే ఉంటే రష్యావాళ్లు విడిపించేటోళ్లు కదా?” రోగులందర్నీ చంపేస్తారని పుకారు వచ్చిందమ్మా, ఈసారి నమ్మారు అన్నాను. మిగిలిపోయినవాళ్లకు జనవరి 27న విడుదల దొరికింది. “అయితే ఏ మాట నమ్మాలో ఎట్ల తెలుస్తది?” అంది. బెల్లు కొట్టారు. సోమవారం మళ్లీ అదే క్లాసు, లెక్చరర్ గారూ, మీరేమైనా చెప్పండి.