వంట షోకు సంగటితో మొదలెట్టొచ్చా?

సంగటిముద్ద (కడప): లోకల్ కేబుల్‌లో 10 నిమిషాల వంట షో. మొదటిది రాగి సంగటి, ఊరుబిండి (చెనిక్కాయల పచ్చడి). హోటల్ మేనేజ్‌మెంట్ చదవకుంటే కుదరదా? ట్రయల్‌లో సంగటి ఉండలు కట్టింది, లెన్సుకు ఆవిరి పట్టింది.

రోలుబండ: డిగ్రీ కంటే చేతిపని ముఖ్యం. టీవీ వంటల షెఫ్ సంజీవ్ కపూర్ ఢిల్లీ పూసాలోని హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో చదివినా, హోటల్ వంటగదుల్లో పనిచేసినాకే 1993లో టీవీకి వచ్చినాడు. తర్వాత పుస్తకాలు, రెస్టారెంట్లు, వంటపాత్రలు, 2011లో సొంత ఛానెల్, 2017లో పద్మశ్రీ. టీవీ ఒక్కదాన్నే నమ్ముకోలేదు, చూడండి.

చెనిక్కాయ: పిండి వేసిన వెంటనే కెలికింటారు, అందుకే ఉండలు. గ్లాసు బియ్యానికి 5 గ్లాసుల నీళ్లు. అన్నం మెత్తగా చితకాల. పైన గంజి ఉండంగానే గ్లాసు రాగిపిండి కుప్పగా పోసి, తెడ్డు కాడతో నడిమధ్య బొక్క పెట్టి, మూతేసి సన్నమంట మీద 8 నిమిషాలు వదిలేయండి. దించినాకే కెలకాల. గంజి ఇంకిపోయినాక పోస్తే పిండి పచ్చిగానే ఉంటుంది.

కెమెరాబాబు: ఏసీ గదిలోని కెమెరాను అరగంట ముందే వంటగదిలో పెట్టండి. చల్లటి లెన్సు మీదే ఆవిరి నీరవుతుంది. గిన్నె పైనుంచి కాదు, పక్కనుంచి తీయండి. చివరి షాట్‌కు ఇంకో ముద్ద ముందే చేసి తడిగుడ్డ కప్పండి, లేకుంటే లైట్ల వేడికి పగుల్తుంది. ఊరుబిండి మాత్రం రోట్లోనే నూరండి అన్నా, మిక్సీ రొదకు మీ మాట వినపడదు.