కరోనా వేళ పాత సామాను కొనవచ్చా, కూడదా?

మెహిదీపట్నం వాసి · 26 ఆగస్టు 2021

సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో బడులు తెరుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నెల 16నే తెరిచారు. మధ్యలో కొంతకాలం తప్ప ఏడాదిన్నరగా మూతపడి ఉన్న బడులు ఇవి. పిల్లలకు పుస్తకాలు కావాలి, సంచులు కావాలి, బూట్లు కావాలి. చాలా ఇళ్ళలో ఇంకా పాఠాలు వినడానికి ఒక ఫోను కూడా కావాలి. జీతం సగానికి పడిపోయిన ఇంట్లో ఇవన్నీ కొత్తవి ఎలా కొంటారు?

పాతవి కొందామంటే చుట్టుపక్కల వాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. మా అపార్ట్‌మెంట్ సంఘం నిరుడు ఒక నిషేధం పెట్టింది. పాత పేపర్లు కొనేవారు, పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే ఆడవాళ్ళు గేటు దాటి లోపలికి రాకూడదు. ఆ నిషేధం ఇప్పటికీ ఉంది. కొత్త సరుకు తెచ్చే డెలివరీ కుర్రాళ్ళు మాత్రం పొద్దుటి నుంచి రాత్రి వరకు లిఫ్టు ఎక్కి దిగుతూనే ఉన్నారు. గోదాములో, లారీలో, పంపిణీ కేంద్రంలో ఎన్నో చేతులు మారి వచ్చిన అట్టపెట్టెకు లేని అంటు, తలమీద గంప పెట్టుకుని వచ్చే మనిషికి ఎక్కడి నుంచి వచ్చింది? ఇది రోగ భయం కాదు. పేదవాళ్ళ మీద మనకు ముందు నుంచీ ఉన్న చిన్నచూపు మాస్కు కట్టుకుని వచ్చింది.

నా వాదన సూటిగా చెబుతాను. పాత సామాను కొనవచ్చు. ఈ కష్టకాలంలో అయితే కొని తీరాలి కూడా. కాదనేవారు కారణం చెప్పండి.

కాకినాడ మందులషాపు · 26 ఆగస్టు 2021

మీ కోపంలో న్యాయం ఉంది. కానీ భయపడేవారందరినీ ఒకే గాటన కట్టకండి.

మొన్నటి ఏప్రిల్, మే నెలల్లో నా కౌంటరు ముందు నిలబడి ఏడ్చిన మనుషులను చూశాను. ఒక ఇంట్లో ముగ్గురు మంచాన పడితే, కోలుకున్నవారు మొదట చేసే పని రోగి వాడిన దుప్పట్లు, బట్టలు బయట పడేయడం. అవి ఎక్కడికి పోతాయి? ఎవరో ఏరుకుంటారు, ఉతుకుతారో లేదో తెలియదు, సంతలో కుప్ప పోస్తారు. ఈ చొక్కా ఏ ఇంటి నుంచి వచ్చిందని అమ్మేవారిని అడిగితే జవాబు దొరుకుతుందా?

పెద్దవాళ్ళ భయాన్ని కూడా కొట్టిపారేయకండి. మశూచి రోజుల్లో రోగి కప్పుకున్న దుప్పటి మరొకరికి రోగం అంటించింది. అది కట్టుకథ కాదు, వైద్యులు చెప్పిన మాటే. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు ఇళ్ళలోని బట్టలు, పరుపులు తీయించి తగలబెట్టారు. మరుసటి ఏడు తెచ్చిన అంటువ్యాధుల చట్టాన్నే మన ప్రభుత్వాలు 2020లో బయటికి తీశాయి. తరాల అనుభవం అది.

ఇంకొక మాట. ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్ళినవారికి తెలుసు, అక్కడ భుజం భుజం రాసుకోకుండా నడవలేము. మూడో వేవ్ వస్తుందేమోనని అందరూ హడలిపోతున్న వేళ జనాన్ని అక్కడికి వెళ్ళమని చెప్పడం నాకు నచ్చడం లేదు.

సూక్ష్మదర్శిని · 27 ఆగస్టు 2021

నేను ప్రయోగశాలలో పనిచేస్తాను. రెండు వైపులా నిజం ఉంది. కానీ రెండు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయాయి. వస్తువు నుంచి రోగం వస్తుందా అన్నది ఒకటి. వస్తువు కొనే చోట వస్తుందా అన్నది మరొకటి.

మొదటిది చూద్దాం. 2020 మార్చిలో అమెరికా శాస్త్రవేత్తలు ఈ వైరస్‌ను రకరకాల ఉపరితలాల మీద చల్లి పరీక్షించారు. ప్లాస్టిక్, స్టీలు మీద మూడు రోజుల దాకా, అట్ట మీద ఒక రోజు దాకా, రాగి మీద 4 గంటల దాకా సజీవ వైరస్ కనిపించింది. పత్రికలన్నీ ఆ మూడు రోజుల మాటనే పట్టుకున్నాయి. మనం పాలప్యాకెట్లు కడిగింది, కూరగాయలను సబ్బునీళ్ళలో ముంచింది అందుకే. కానీ అక్కడ వైరస్‌ను కావలసినంత తీసుకుని చల్లారు. చివరి గంటలకు మిగిలింది అందులో చాలా కొద్ది భాగం. రవ్వంత మిగలడం వేరు, అది చేతికి అంటి, ముక్కు దాకా చేరి, రోగం తెప్పించేంత ఉండటం వేరు. ఈ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క చెప్పింది: వైరస్ పడిన వస్తువును ఒకసారి తాకితే రోగం సోకే అవకాశం సాధారణంగా 10,000లో ఒకటి కంటే తక్కువ.

మశూచి, ప్లేగు ఉదాహరణలు ఇక్కడ నప్పవు. మశూచి వైరస్ ఎండిన పొక్కుల్లో చాలా కాలం బతికేది. ప్లేగును మోసేది ఎలుకల ఒంటి మీద ఉండి రక్తం తాగే ఫ్లీ అనే చిన్న పురుగు. ఆ పురుగులు పరుపుల్లో దాక్కోగలవు. కరోనా వైరస్‌కు పైన ఉన్నది పల్చని కొవ్వుపొర. సబ్బు తగిలితే ఆ పొర విచ్చిపోతుంది, వైరస్ కథ ముగుస్తుంది. పాత బట్టను వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేస్తే కరోనా గురించి ఆలోచించవలసిన పని లేదు.

పాత బట్టలతో, మంచాలతో వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. నల్లులు రక్తం లేకుండా నెలల తరబడి బతుకుతాయి. గజ్జి పురుగు ఒంటి మీద నుంచి విడిపోయాక కూడా రెండు మూడు రోజులు ఉంటుంది. అందుకే పాత పరుపు, దిండు, దూది బొంత నేనైతే కరోనా ఉన్నా లేకున్నా కొనను. పుస్తకాలకు శానిటైజరు పూయవద్దు, అట్టలు పాడవుతాయి. తెచ్చి మూడు రోజులు ఒక పక్కన పెట్టండి, చాలు.

ఇక రెండో ప్రశ్న. కాకినాడ వారు చెప్పింది అక్కడ పూర్తిగా సరైనది. రోగం మనిషి ఊపిరి నుంచి వస్తుంది. కిటికీ లేని సెల్లారు దుకాణంలో అరగంట బేరమాడటం, ఆరుబయట రోడ్డు పక్కన అంతే సేపు నిలబడటం ఒకటి కాదు. అమ్మే వస్తువు పాతదా కొత్తదా అన్నది వైరస్‌కు పట్టదు. కిటకిటలాడే కొత్త బట్టల షోరూముకు కూడా ఇదే వర్తిస్తుంది.

లెస్టర్ నుంచి · 27 ఆగస్టు 2021

నేను ఇంగ్లండ్‌లో చదువుకుంటున్నాను. మాలాంటి విద్యార్థులకు ఛారిటీ దుకాణాలే దిక్కు. జనం దానంగా ఇచ్చిన పాత వస్తువులు అమ్మి, ఆ డబ్బు సేవాసంస్థలకు వాడతారు. చలికోటు, గిన్నెలు, టేబుల్ దీపం అన్నీ అక్కడే కొన్నాను.

2020 మార్చిలో అవన్నీ మూసేశారు. జూన్ 15న తెరిచారు. మా ఊళ్ళో రెండు వారాలకే మళ్ళీ మూతపడ్డాయి, ఎందుకంటే దేశంలో మొట్టమొదటి స్థానిక లాక్‌డౌన్ ఇక్కడే పెట్టారు. తెరిచిన చోట పద్ధతి ఇది: దానంగా వచ్చిన సంచులను 72 గంటలు పక్కన పెట్టి ఆ తరువాతే విప్పేవారు. బట్టలు వేసుకుని చూసుకునే గదులు చాలా చోట్ల మూసే ఉంచారు. లోపల ఎంతమంది ఉండాలో గుమ్మం దగ్గరే రాసి పెట్టారు.

గమనించండి, కొత్త బట్టల దుకాణాలను, పాత బట్టల దుకాణాలను ఒకే రోజు మూశారు, ఒకే రోజు తెరిచారు. పాతవాటిని మాత్రమే వెలివేయలేదు. మన దగ్గర ఇంత చిన్న ఏర్పాటు కూడా ఎందుకు చేయలేకపోయాము?

కాకినాడ మందులషాపు · 27 ఆగస్టు 2021

బట్టల విషయంలో సూక్ష్మదర్శిని గారి మాట ఒప్పుకుంటాను. ఉతికితే పోతుంది, సరే. ఉతకలేని వాటి సంగతి అలాగే ఉంది.

నాకు మింగుడుపడనిది మరొకటి. ఈ రోజు సంతకు వస్తున్న సామాను మామూలు రోజుల్లో వచ్చే సామాను కాదు. ఉద్యోగం పోయినవాడి మోటారు సైకిలు, భర్త పోయిన మనిషి కుట్టు మిషను, ఆసుపత్రి బిల్లు కట్టడానికి తెగనమ్మిన ఫ్రిజ్. వాటిని మూడోవంతు ధరకు కొని పొదుపు చేశామని చెప్పుకోవడం నాకు తప్పుగా తోస్తుంది. అది ఇంకొకరి ఆపద మీద వచ్చిన లాభం. మెహిదీపట్నం వారు కొని తీరాలి అంటున్నారు. కొని తీరాలా?

చాక్‌పీసు · 28 ఆగస్టు 2021

ఈ చర్చలో అమ్మినవాళ్ళ మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. 2020 మార్చి తరువాత జీతం ఆగిపోయింది. ఈ ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం మా ఇంటిని నిలబెట్టింది, ఆ మేలు మరచిపోను. కానీ 2,000తో ఇంటి అద్దె రాదు. ఫ్రిజ్ అమ్మాను, టీవీ అమ్మాను, నా పుస్తకాల బీరువా అమ్మాను.

కాకినాడ సర్, మీరు జాలితో అన్నారని తెలుసు. కానీ నన్ను ముంచినది కొన్నవాళ్ళు కాదు. కొనడానికి రానివాళ్ళు. కాలనీ వాట్సాప్ బృందంలో ఫోటో పెడితే, మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అని అడిగి మాట్లాడకుండా పోయారు. పదిమంది అడిగితే ధర నిలబడుతుంది. ఎవరూ రాకపోతే దళారి ఒక్కడే వస్తాడు, అతను చెప్పిందే ధర. నా ఫ్రిజ్ అతనికి ఇవ్వవలసి వచ్చింది. టీవీని మాత్రం ఒక ఆటో డ్రైవరు కొన్నాడు, పిల్లలు దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు చూస్తారని. నేను అడిగినంత ఇచ్చాడు. అతనికి కొత్త టీవీ కొనే స్తోమత లేదు, నాకు అద్దె కట్టే దారి లేదు. ఇందులో ఎవరు ఎవరి ఆపద మీద లాభపడ్డారు?

కొనండి. ధర అడిగేటప్పుడు మాత్రం ఎదుట ఉన్నది మనిషని గుర్తుపెట్టుకోండి. అమ్మేవారు ఎంత తొందరలో ఉన్నారో కనిపెట్టి ధర ఇంకా దించేవారి మీదే నా కోపం.

మెహిదీపట్నం వాసి · 28 ఆగస్టు 2021

చాక్‌పీసు గారు, నేను చెప్పవలసినది మీరు నాకంటే బాగా చెప్పారు. కాకినాడ గారి ప్రశ్నకు నా జవాబు ఇది: అవును, కొని తీరాలి. కానీ దళారి దగ్గర కాదు, వీలైనంత వరకు అమ్ముకునే మనిషి దగ్గరే కొనాలి. అపార్ట్‌మెంట్ గేట్లు మూసినందువల్ల లాభపడింది దళారులే.

ఫోన్ల గురించి ఒక హెచ్చరిక. పాత ఫోను కొనేటప్పుడు మొదటి బిల్లు అడగండి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకు ఒక్కొక్కటిగా ఉండే గుర్తింపు) సంఖ్య బిల్లు మీద ఉన్నదానితో సరిపోవాలి. దొంగ సొత్తని తెలిసి కొంటే మూడేళ్ళ దాకా జైలు. పిల్లల చదువు కోసం కొన్నది పోలీసు స్టేషను గుమ్మం తొక్కించకూడదు.

ఆదివారం పుస్తకాలు · 28 ఆగస్టు 2021

ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉన్నప్పుడు వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తాము. మా నాన్న పరిచేవారు, ఇప్పుడు నేను. మాకు వారంలో ఉన్నది ఒక్క రోజు. మొన్న మేలో లాక్‌డౌన్ సడలింపు ఉదయం 6 నుంచి 10 వరకే ఇచ్చారు. కూరగాయల బండికి అది సరిపోతుంది. పుస్తకం అలా అమ్ముడుపోదు. చేతిలోకి తీసుకుని, నాలుగు పేజీలు తిప్పి, పక్కన పెట్టి, మళ్ళీ తీసుకుని కొంటారు. ముట్టుకోవద్దని బోర్డు పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. ముట్టుకోకుండా పాత పుస్తకం ఎవరు కొంటారు?

ఈ వేసవిలో ఇళ్ళ నుంచి పుస్తకాలు చాలా వచ్చాయి. ఎందుకు వచ్చాయో అడగలేదు. కొన్నింటి మొదటి పేజీలో పేరు, తేదీ, ఊరు అందంగా రాసి ఉన్నాయి. కొనేవారు లేక తూకానికి వేయవలసి వచ్చినవీ ఉన్నాయి, అది తలచుకుంటేనే బాధ. మాస్కు పెట్టుకుని రండి, ఒకరి తరువాత ఒకరు చూడండి. మాది ఆరుబయటే. కోఠిలో, విజయవాడ లెనిన్ సెంటర్లో ఉన్నవారిదీ ఇదే విన్నపం.

నెల్లూరు పాఠకురాలు · 29 ఆగస్టు 2021

ఒక సందేహం. రెండో వేవ్‌లో కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు ఇప్పుడు సగం ధరకు అమ్ముతున్నారు. ముందు జాగ్రత్తగా ఒకటి కొని ఉంచుకోవచ్చా? మా అమ్మకు ఉబ్బసం.

సూక్ష్మదర్శిని · 29 ఆగస్టు 2021

ఇక్కడ మాత్రం తొందరపడకండి అమ్మా. ఆ యంత్రంలో గాలి నుంచి నైట్రోజన్‌ను పట్టి ఉంచే జియోలైట్ గుళికలు ఉంటాయి. తేమ తగిలితే అవి పాడవుతాయి. అప్పుడు యంత్రం తిరుగుతుంది, చప్పుడూ వస్తుంది, గొట్టంలోంచి గాలీ వస్తుంది, ఆ గాలిలో ఆక్సిజన్ మాత్రం చాలినంత ఉండదు. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఉంటే చూడండి. ఆక్సిజన్ శాతాన్ని కొలిచే పరికరంతో పరీక్షించి, దాదాపు 90 శాతం పైన ఉందని తేలితేనే ఆలోచించండి. అసలు మీ అమ్మగారికి అవసరమా కాదా అన్నది ఆమెను చూసే వైద్యులు చెప్పాలి. మాస్కులు, ముక్కుగొట్టాలు, నెబ్యులైజరు గొట్టాలు పాతవి ఎంత చవకగా వచ్చినా ముట్టవద్దు.

మెహిదీపట్నం వాసి · 29 ఆగస్టు 2021

మా సంఘం సమావేశంలో ఈ తీర్మానం పెట్టబోతున్నాను: పాత పేపర్లవారిని, గిన్నెలవారిని ఉదయం 8 నుంచి 11 వరకు గేటు లోపలి ఖాళీ స్థలంలోకి అనుమతించాలి. ఇరువైపులా మాస్కు ఉండాలి. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, సబ్బు సంఘమే పెట్టాలి. అద్దెకున్నవారు ఖాళీ చేసేటప్పుడు అమ్మదలచిన సామాను జాబితాను నోటీసు బోర్డులో పెట్టనివ్వాలి. మార్పులు ఉంటే చెప్పండి.

కాకినాడ మందులషాపు · 29 ఆగస్టు 2021

ఖాళీ స్థలం అని కాక ఆరుబయట అని స్పష్టంగా రాయండి. లేకపోతే వాన పడిన రోజు అందరినీ సెల్లారులోకి దింపుతారు. పరుపులు, దిండ్లు, వాడిన వైద్య పరికరాలు జాబితాలో ఉండకూడదని కూడా చేర్చండి. ఈ రెండూ ఉంటే మా సంఘంలో కూడా ఇదే తీర్మానం నేను పెడతాను. లేకపోతే నా అభ్యంతరం అలాగే ఉంటుంది.