మస్కట్‌లో ఉంటున్నా, ఓటు పరకాలలోనా హనుమకొండలోనా?

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను ఆరేళ్లుగా మస్కట్‌లో ఏసీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పాస్‌పోర్ట్‌లో పరకాల అడ్రస్ ఉంది. తర్వాత మావాళ్లు హనుమకొండ నయీంనగర్‌కు మారారు, నా ఓటర్ కార్డు అక్కడిదే.

ఇక్కడి నుంచి పోస్టల్ ఓటు వేయొచ్చని రూమ్‌లో ఒకతను గట్టిగా చెప్పాడు. చూస్తే అది సైన్యంలో, ఎంబసీల్లో పనిచేసేవాళ్లకేనట. మనలాంటివాళ్లు ఫారం 6ఏ నింపి ప్రవాస ఓటరుగా చేరాలి, పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకుని స్వయంగా బూత్‌కు పోవాలి. మన బదులు ఇంకొకరు ఓటేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటినా చట్టం కాలేదు. ఒక్క ఓటుకు విమానం టికెట్ పెట్టుకోవాలంటే మా జీతాలకు అయ్యే పనేనా?

అయినా ఈసారి సెలవు ఎన్నికలకు కలిసేలా చూసుకుంటా. 2024 మే 13న మా ఇంట్లో అందరూ వేలికి సిరా చుక్కతో ఫోటో పంపితే మనసు చివుక్కుమంది.

నా టెన్షన్ ఏంటంటే, 6ఏ పాస్‌పోర్ట్ అడ్రస్ మీదే కాబట్టి నా ఓటు పరకాలకు పోతుంది. మరి హనుమకొండలో ఉన్న పేరు ముందే తీయించుకోవాలా, 6ఏ ఇచ్చాక వాళ్లే తీసేస్తారా? మేం ఖాళీ చేసిన ఇంటికి బీఎల్‌ఓ (ఓటరు జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) విచారణకు వస్తే ఎవరు జవాబు చెప్పాలి? గల్ఫ్ నుంచి 6ఏ పెట్టినవాళ్లు ఉంటే, మీకెలా జరిగిందో కొంచెం చెప్పండి.