ఓర్లాండోలో రీసేల్ టైమ్‌షేర్: ఈ ఏడాది మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి?

అందరికీ నమస్కారం. మేం అట్లాంటాలో ఉంటాం. ఓర్లాండోలో డిస్నీకి దగ్గరగా ఉన్న ఒక రిసార్ట్‌లో ఏటా ఒక వారం వాడుకునే రెండు బెడ్‌రూమ్‌ల టైమ్‌షేర్‌ను ఒక పెద్దాయన అమ్ముతున్నారు. డీడ్ (యాజమాన్య పత్రం) ఆయన పేరు మీదే ఉంది. ధర నామమాత్రం, ఒక్క డాలరే. అసలు బరువంతా మెయింటెనెన్స్‌ది: ఆస్తి పన్నుతో కలిపి ఏడాదికి 1,380 డాలర్లు.

ఆ ఫీజును రిసార్ట్ తగ్గించదని తెలుసు. ఓనర్ల సంఘం బోర్డు బడ్జెట్ వేసి అందరికీ పంచుతుంది, కొత్తవాళ్లకని వేరే రేటు ఉండదు. కాబట్టి బేరమాడగలిగేది అమ్మేవాళ్లతోనే. ఆయన జనవరిలో ఈ ఏడాది బిల్లు కట్టేశారు, ఆ డబ్బు నన్ను ఇమ్మంటున్నారు. కానీ ఈ ఏడాది వారాన్ని వాళ్ల పిల్లలు వాడేసుకున్నారు. మేం ఉండని వారానికి మేమెందుకు కట్టాలి? పైగా వచ్చే జనవరి బిల్లు ఎలాగూ నా మీదే పడుతుంది. అందులో సగం, ట్రాన్స్‌ఫర్ ఫీజు, క్లోజింగ్ ఖర్చులు (కాగితాలు, రిజిస్ట్రేషన్ వగైరా) ఆయన్నే పెట్టుకోమని అడుగుదామనుకుంటున్నాను. ఆయన వయసు చూస్తే గట్టిగా అడగడానికి మనసు రావడం లేదు. కానీ డీడ్ మన పేరు మీదకి వచ్చాక, వెళ్లినా వెళ్లకపోయినా ఏటా బిల్లు తప్పదు కదా.

ఇలా కొన్నవాళ్లు అమ్మేవాళ్లను ఎంతవరకు ఒప్పించగలిగారు? బకాయిల లెక్క చూపిస్తూ రిసార్ట్ ఇచ్చే ఎస్టాపెల్ లెటర్‌లో తుఫాను మరమ్మతుల కోసం ఓనర్ల మీద అదనంగా వేసే స్పెషల్ అసెస్‌మెంట్ కూడా ఉంటుందా, విడిగా అడగాలా? బోర్డు మీటింగ్ మినిట్స్ కొనకముందే చూడనిస్తారా? నెలాఖరులోగా సంతకం పెట్టమంటున్నారు, అదే టెన్షన్. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.