అప్‌డేట్: మొదటి ఫుల్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్‌కి లంకావీ కాదు, బస్సెల్టన్

మొదటి ఫుల్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్‌కి (ఈత, సైక్లింగ్, మారథాన్ పరుగు వరుసగా చేసే పోటీ) మలేషియాలోని లంకావీనా, బస్సెల్టనా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బస్సెల్టన్ ఖాయం చేశాను. లంకావీలో ఉక్కపోత, ఎత్తుపల్లాలు రెండూ కలుస్తాయి. మొదటిసారికి ఒక్క కష్టం చాలు.

అయితే బస్సెల్టన్‌లోని 180 కి.మీ. చదును సైక్లింగ్ తేలికని అనుకోకండి. దిగుడు ఉండదు కాబట్టి పెడలింగ్ ఆపే వీలుండదు. గంటల తరబడి ఒకే ఏరో భంగిమలో (గాలి తక్కువ తగిలేలా ముందుకు వంగి) ఉంటే మెడ, నడుము పట్టేస్తాయి. అందుకే హైదరాబాద్ ఓఆర్‌ఆర్ పక్కనున్న 23 కి.మీ. సైకిల్ ట్రాక్ మీద, ఏరో బార్‌ల మీదే ఎక్కువసేపు తొక్కుతున్నాను. ప్రతి 20 నిమిషాలకు అరనిమిషం లేచి నడుము సాచుతాను. లక్ష్యం ఎఫ్‌టీపీలో (సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ శక్తి, వాట్లలో) 65–70 శాతం. ఎదురుగాలిలో వేగం పడిపోయినా వాట్లు పెంచకూడదు, ఆ బాకీ మారథాన్‌లో తీర్చాల్సి వస్తుంది. పక్కగాలికి హ్యాండిల్ ఊగకుండా ముందు చక్రం రిమ్ లోతు 50 మి.మీ. దాటనివ్వను.

ఈత 1.8 కి.మీ. పొడవైన జెట్టీ చుట్టూ. నీళ్లు 24.5 డిగ్రీలు దాటకపోతే వెట్‌సూట్‌కి (ఒంటికి అతుక్కునే రబ్బరు ఈత దుస్తులు) అడ్డులేదు. మన కొలనుల్లో వెట్‌సూట్ ఉడికించేస్తుంది, కాబట్టి ప్రాక్టీసు తెల్లవారుజామునే, కొద్దిసేపే.

ప్రయాణం సంగతి: టైర్లకు, బూట్లకు మట్టి ఉంటే ఆస్ట్రేలియా బయోసెక్యూరిటీ (బయటి తెగుళ్లు, క్రిములు రాకుండా చూసే తనిఖీ) ఆపుతుంది. బ్రష్‌తో కడగాలి, తినుబండారాలు డిక్లేర్ చేయాలి. టైర్లలో గాలి నింపే సీఓటూ కార్ట్రిడ్జ్‌లు అక్కడే కొంటాను.