వరదలో మునిగిన పాత ఇంటి మరమ్మతు: కూలికి మాత్రమే ఇవ్వాలా, మెటీరియల్‌తో సహా ఇవ్వాలా?

ప్రశ్న (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ)

మా అమ్మగారు ఒక్కరే ఉంటున్న ఇల్లు 1988లో కట్టినది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు కింది గదుల్లో నాలుగు రోజులు నడుములోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక తొందరపడి గోడలకు లప్పం పెట్టి రంగులు వేయించాం. ఇప్పుడు కిటికీ మట్టం దాకా పెచ్చులూడుతున్నాయి. పొద్దున ఊడిస్తే గోడవార తెల్లటి పొడి చేటెడు వస్తోందని అమ్మ చెబుతున్నారు. ప్లాస్టరింగ్, వైరింగ్, బాత్‌రూమ్ కొత్తగా చేయించి, వంటగదికీ హాలుకూ మధ్య ఉన్న గోడ తీయించాలని అనుకుంటున్నాం.

ఇద్దరిని అడిగాను. మొదటి కాంట్రాక్టర్ మెటీరియల్‌తో సహా 6,80,000 రూపాయలని అర కాగితం మీద రాసిచ్చి, 40 శాతం అడ్వాన్సు అడిగారు. గోడ తీయడం ఒక్క పూట పని అన్నారు. రెండో ఆయన తాపీ మేస్త్రీ. చదరపు అడుగు లెక్కన కూలి మాత్రం తీసుకుంటారట, సామాను మేమే కొనాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం వల్ల నేను నెలకు రెండు ఆదివారాలే రాగలను. ఏ పద్ధతి మేలో అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం (బ్రాడీపేట, గుంటూరు, రిటైరైన సివిల్ ఇంజినీరు)

డబ్బు సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ గోడ సంగతి తేల్చుకోండి. ఆ కాలపు ఇళ్ళలో చాలా వాటికి పిల్లర్లు ఉండవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలే స్లాబును మోస్తాయి. అటువంటి గోడను దూలం వేయకుండా తీస్తే స్లాబు కుంగుతుంది. ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఇల్లు చూపించి, ఆయన రాతపూర్వకంగా సరేనన్న తరువాతే గోడ మీద సుత్తి పడాలి. చూడకుండానే ఒక్క పూట పని అన్న మనిషికి నేనైతే మిగతా పని కూడా అప్పగించను.

ఇక ఆ తెల్లటి పొడి ఇటుకలో నుంచి చెమ్మతో పాటు పైకి వచ్చిన ఉప్పు. దాని మీద ఎంత ఖరీదైన లప్పం పెట్టినా నిలవదు. చెమ్మ గీతకు అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్ కొట్టించి, ఇటుకల సందులు గీకించి, పొడి బ్రష్షుతో ఉప్పు దులిపించి, కనీసం నెల రోజులు ఎండనివ్వాలి. సంక్రాంతి తరువాత కొట్టిస్తే ఎండలు ముదిరేలోగా ప్లాస్టరింగ్ పూర్తవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో తడిపిన గోడ గంటలో ఆరిపోయి వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. ఏ కాలంలో చేసినా వారం రోజులకు తగ్గకుండా గోడ తడపాలి. ఆ తడిపే మనిషి ఎవరన్నది ఒప్పందంలోనే రాసుకోండి, ఎందుకంటే మేస్త్రీలు మరుసటి రోజే వేరే పనికి వెళ్ళిపోతారు. మీ ఇంటి గచ్చు వీధి రోడ్డు కంటే పల్లంలో ఉందా? ఉంటే ఈ చెమ్మకు వరద ఒక్కటే కారణం కాకపోవచ్చు.

సమాధానం (సత్యనారాయణపురం, విజయవాడ)

మేము కూలి ఒప్పందానికే ఇచ్చి నష్టపోయాం. సామాను మాది కావడంతో పొదుపు గురించి పట్టించుకున్నవారు లేరు. రెండు బస్తాల సిమెంటు ఆరుబయట వదిలేస్తే ఒక్క వానకు గడ్డ కట్టింది. అంతకంటే పెద్ద తప్పు మాదే: పని కంటే డబ్బు ముందు నడిచింది. సంక్రాంతికి ఊరెళ్ళిన మేస్త్రీ బాత్‌రూమ్ సగంలో ఉండగా నెలన్నర దాకా తిరిగి రాలేదు, ఎందుకంటే మా దగ్గర ఆయనకు రావలసినదేమీ మిగల్లేదు. మీరు మాత్రం పదో వంతు సొమ్ము చివరి దాకా ఆపండి. బాత్‌రూమ్‌లో టైల్స్ పరచకముందు వాటర్ ప్రూఫింగ్ మీద రెండు రోజులు నీళ్ళు నింపి ఉంచి, మట్టం తగ్గిందేమో మీరే చూడండి.

సమాధానం (పటమట, విజయవాడ, చిన్న కాంట్రాక్టర్)

అడ్వాన్సు అడిగిన ప్రతివారూ మోసగాళ్ళు కారండీ. మేము శనివారం శనివారం కూలీలకు చెల్లించాలి. అయితే 40 శాతం ఎక్కువ, పదిహేను చాలు. దగ్గర ఉండి చూసుకోలేనివారికి నేను చెప్పేది మధ్యే మార్గం. సిమెంటు, టైల్స్, పైపులు, వైరు మీరు కొట్లో ఖాతా పెట్టించి, సరుకు దిగినప్పుడల్లా మీ అమ్మగారి చేత చీటీ మీద సంతకం చేయించండి. ఇసుక, ఇటుక, కూలి మేస్త్రీకి వదిలేయండి. 2024 జూలై నుంచి ఇసుక ఉచితమే అయినా తవ్వకం, లోడింగ్, రవాణా ఖర్చులు ఉంటాయి కనుక ఇసుక ఊరికే వస్తుందని అనుకోకండి. నీళ్ళలో మునిగిన స్విచ్‌బోర్డులు, వైర్లు తుడిచి వాడవద్దు, మొత్తం మార్పించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. గచ్చు రోడ్డు కంటే జానెడు పల్లంలోనే ఉంది. పనుల వారీగా రేట్లు రాసివ్వమంటే మొదటి కాంట్రాక్టర్ ఫోను ఎత్తడం మానేశారు. తాపీ మేస్త్రీ నిన్న వచ్చి, రూపాయి బిళ్ళతో గోడంతా తట్టి చూసి, డొల్ల మోత వచ్చిన చోటల్లా బొగ్గుతో సున్నా చుట్టి, ఆ కొలతలు అమ్మ క్యాలెండరు వెనుక రాయించారు. మధ్య గోడ మాత్రం ఇంజినీరు చూసేదాకా ముట్టుకోనని ఆయనే అన్నారు. కొట్లో ఖాతాకు కూడా ఒప్పుకున్నారు. ఇంజినీరు వచ్చే ఆదివారం వస్తున్నారు.