పాత కాయిలోవర్లు వేసుకోవచ్చా, కొత్త మామూలు షాక్‌లే బెటరా?

కొత్తస్టీరింగ్:
అన్నలూ, నా కారుకి నాలుగు షాక్ అబ్జార్బర్లూ పోయాయి. ఇదే మోడల్ నుంచి తీసిన అడ్జస్టబుల్ కాయిలోవర్ (షాక్ చుట్టూ స్ప్రింగ్ ఉండి, ఎత్తు మార్చుకునే రకం) సెట్ దొరుకుతోంది, ఆయిల్ లీక్ ఎక్కడా కనపడట్లేదు, నేనే బిగించుకుందామని ఉంది. మెకానిక్ మాత్రం వాడినవి ముట్టుకోవద్దంటున్నాడు. మీరేమంటారు?

రోడ్డుపక్షి:
మెకానిక్ మాట విను తమ్ముడూ. లీక్ లేనంత మాత్రాన షాక్ బాగున్నట్టు కాదు, లోపల ఆయిల్ పాడైనా వాల్వ్ అరిగినా బయటికి పొడిగానే ఉంటుంది. నేను కొన్న సెట్ తళతళలాడింది, రెండు నెలలకే వెనక ఎడమ షాక్ రాడ్ మీదున్న తుప్పు గుంటలు సీల్‌ని కోసేసి ఆయిలంతా కారిపోయింది, వానలో మలుపు తిప్పుతుంటే వెనక చక్రం ఎగిరెగిరి పడింది, పక్క సీట్లో అమ్మ ఉంది. ఆ భయం ఇంకా పోలేదు.

స్పానర్‌చెయ్యి:
అన్నా, ఆ గుంటలు డస్ట్ బూట్ (రాడ్‌కి దుమ్ము పట్టకుండా ఉండే తొడుగు) పైకి లేపి గోరుతో గీసి చూస్తే ముందే తెలిసేవి. తమ్ముడూ, స్ప్రింగ్ తీయించి రాడ్‌ని బరువేసి లోపలికి నొక్కు, మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువు ఉండాలి, మధ్యలో గబుక్కున జారితే ఆ షాక్ పోయినట్టే. గ్యాస్ షాక్ అయితే వదలగానే దానంతటదే బయటికి రావాలి. ఎడమా కుడీ పోల్చి చూడు. స్ప్రింగ్ రేటు కూడా ముఖ్యం, 6కే అంటే 1 మి.మీ. నొక్కడానికి 6 కిలోల బరువు కావాలని, పాత ఓనర్ ట్రాక్ కోసం 12కే వేసుకుని ఉంటే రోజూ తిరిగే రోడ్డు మీద నీ నడుం పోతుంది.

కొత్తస్టీరింగ్:
బిగించేటప్పుడు?

స్పానర్‌చెయ్యి:
నీ పాత స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసున్న భాగం) పై నట్ మాత్రం స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టకుండా విప్పకు, ప్రాణం మీదకొస్తుంది. నైలాక్ నట్లు (వదులవ్వకుండా లోపల నైలాన్ రింగ్ ఉండేవి) కొత్తవి వెయ్యి. బుష్ (జాయింట్లలో ఉండే రబ్బరు) బోల్టులు కారు గాల్లో ఉండగా ఫుల్ టైట్ చెయ్యకు, బరువు చక్రాల మీద పడ్డాకే చెయ్యాలి, లేదంటే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. జాకీ ఎత్తినప్పుడు స్ప్రింగ్ సీట్‌లో వదులుగా ఊగకూడదు. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

కొత్తస్టీరింగ్:
ఇవాళ వెళ్లి స్ప్రింగులు తీయించి చూశా. మూడు బాగున్నాయి, ముందు కుడిది మధ్యలో జారుతోంది. అమ్మేవాళ్లు ఆ ఒక్కటీ రీబిల్డ్ చేయించుకోమంటున్నారు.

రోడ్డుపక్షి:
చూశావా! వదిలెయ్యి.

స్పానర్‌చెయ్యి:
ఒక్కటే చేయిస్తే పక్కదానితో కలవదు. కనీసం ముందు జత రెండూ కలిపి సీల్స్, ఆయిల్ మార్పించి డైనో (షాక్ బిగువు కొలిచే మెషిన్) మీద పోల్చాలి. దాని సీల్ కిట్ అసలు దొరుకుతుందో లేదో ముందు కనుక్కో, దొరక్కపోతే నేనూ రోడ్డుపక్షి అన్న మాటే అంటా.